వాణిజ్యం, పేదరికం, నా పాత కరపత్రం

పోయిన నెల ఇంటికి సున్నం వేయిద్దామని అటక మీది సామాను దింపితే ఒక జిరాక్స్ కాగితాల కట్ట బయట పడింది. పైన పెద్ద అక్షరాలతో "విదేశీ సరుకే మన ఆకలికి కారణం" అని ఉంది. రాసింది నేనే, 2000 జనవరిలో. టాటానగర్ ప్రెస్సుల్లో తెలుగు అక్షరాలు దొరికేవి కావు. అందుకని చేత్తో రాసి, బిష్టుపూర్‌లో జిరాక్స్ తీయించి, కద్మా, సోనారీ, బర్మామైన్స్ లలో మన తెలుగు వాళ్ళ ఇళ్ళకి తిరిగి పంచాను.

హేతువాదిగా నేను చాలా రాశాను. చేతబడుల మీద, వాస్తు మీద, బాబాల మీద రాసిన వాటికి ఈ రోజుకీ కట్టుబడి ఉన్నాను. ఈ ఒక్క కరపత్రం చూస్తే మాత్రం సిగ్గేస్తుంది. అందులో నేను చేసింది జ్యోతిష్యుడు చేసే పనే. జ్యోతిష్యుడు కష్టంలో ఉన్న మనిషికి శని పేరు చెబుతాడు. నేను ప్రపంచ వాణిజ్య సంస్థ పేరు చెప్పాను. ఇద్దరం కారణం వెతకలేదు, కష్టానికి ఒక పేరు పెట్టి ఊరుకున్నాం.

జరిగింది మొదటి నుంచి చెబుతాను.

మా తాతగారు శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర పల్లె నుంచి టాటానగర్ వచ్చారు. ఆ రోజుల్లో మన ఉత్తరాంధ్ర వాళ్ళు కలకత్తాకీ, రంగూన్‌కీ, ఖరగ్‌పూర్‌కీ వలస వెళ్ళినట్టే ఇక్కడికీ వచ్చేవారు. భూమి లేదు, ఉన్న చోట కూలి లేదు, ఇక్కడ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. మా నాన్నగారు కూడా ఆ ఫ్యాక్టరీలోనే పని చేశారు. మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఖర్కాయ్ నది అవతల ఆదిత్యపూర్‌లో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మీద టర్నర్. పాతిక మంది పని చేసే షెడ్డు అది. నట్లు, బోల్టులు, చిన్న చిన్న షాఫ్టులు చేసి పెద్ద కంపెనీలకి సప్లై చేసేవాళ్ళు.

1999లో ఆ షెడ్డు మూతపడింది. రెండు నెలల జీతం బాకీ పెట్టి యజమాని తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. అదే ఏడాది చివర్లో అమెరికాలోని సియాటిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ సమావేశం జరిగింది. అక్కడి రోడ్ల మీద వేలమంది నిరసన తెలపడం టీవీలో చూశాం. నాకు అప్పుడు ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఒక ఆడిటర్ దగ్గర గుమాస్తాని. రెండు విషయాలనీ కలిపేశాను. 1995లో ఆ సంస్థ పుట్టింది, మన ప్రభుత్వం దిగుమతి సుంకాలు తగ్గించింది, 1999లో మామయ్య ఉద్యోగం పోయింది. కాబట్టి అది దీనికి కారణం. కరపత్రం రెండు గంటల్లో రాసేశాను.

మా హేతువాద సంఘం అంటే పదీ పన్నెండు మంది సభ్యులం. ఆదివారం సాయంత్రం ఒకరి ఇంట్లో కలిసేవాళ్ళం. అక్కడ ఈ కరపత్రం చదివి వినిపిస్తే అందరూ మెచ్చుకున్నారు. తెలుగు బడిలో పని చేసి రిటైరైన మాస్టారు ఒకాయన మాత్రం ఒక ప్రశ్న వేశారు.

"మీ మామయ్య షెడ్డులో చేసే బోల్టులు ఇప్పుడు ఏ దేశం నుంచి వస్తున్నాయి?"

నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా, "ఏ దేశమైతే ఏముంది మాస్టారూ, మొత్తం విధానమే అలాంటిది" అన్నాను. ఆయన నవ్వి, "దెయ్యం పట్టిందని చెప్పే వాడిని మనం ఏ దెయ్యం, ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు చూశారు అని అడుగుతాం కదా. అదే అడిగాను" అన్నారు. ఆ రోజు ఆయన మీద కోపం వచ్చింది. పెట్టుబడిదారులకి వత్తాసు పలుకుతున్నారని పక్క వాడితో అన్నాను కూడా.

ఇంతవరకే అయితే ఇది కుర్రతనం అని వదిలేయొచ్చు. కానీ ఆ కరపత్రాన్ని అందరి కంటే శ్రద్ధగా చదివినది మా మామయ్య. మడత పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆ ఏడాదే మా బంధువు ఒకాయన విశాఖపట్నం గాజువాక నుంచి కబురు చేశాడు, ఆటోనగర్‌లో లేత్ పని ఉంది, వచ్చేయమని. మామయ్య నన్ను అడిగాడు. "అల్లుడూ, నువ్వు చదువుకున్నోడివి. ఈ విదేశీ సరుకు ఆపితే మా షెడ్డు మళ్ళీ తెరుస్తారంటావా?" అన్నాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా, "ప్రజలు తిరగబడుతున్నారు మామయ్యా, రెండు మూడేళ్ళలో ఈ విధానాలు మారక తప్పదు" అని చెప్పాను. ఆయన వెళ్ళలేదు. ఆ ఉద్యోగంలో వేరే వాళ్ళు చేరిపోయారు.

షెడ్డు తెరుచుకోలేదు. మామయ్య మూడేళ్ళు అక్కడా ఇక్కడా రోజు కూలీకి వెళ్ళి, చివరికి ఒక గోడౌన్‌లో రాత్రి కాపలాదారుగా కుదిరాడు. ఆయన కూతురు ఇంటర్‌తో చదువు ఆపేసింది. ఆయన 2012లో పోయారు. నా మాట వల్లే ఆయన ఆగిపోయారని నేను నిరూపించలేను. టాటానగర్ వదలడం ఆయనకీ అంత ఇష్టం లేదేమో. కానీ నన్ను అడిగినప్పుడు "నాకు తెలియదు" అనడం నా బాధ్యత. అనలేదు.

మాస్టారి ప్రశ్నకి జవాబు వెతకడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఆదిత్యపూర్‌లో ఆడిట్ పని మీద తిరుగుతున్నప్పుడు మామయ్య షెడ్డు పాత సూపర్‌వైజర్ కనిపించాడు. ఆయన చెప్పిన దాని ప్రకారం ఆ ఆర్డర్లు ఏ దేశానికీ పోలేదు. అదే ఆదిత్యపూర్‌లో, కిలోమీటరు దూరంలో ఉన్న ఇంకో వర్క్‌షాపుకి పోయాయి. వాళ్ళు కంప్యూటర్‌తో నడిచే లేత్ మెషిన్లు కొన్నారు. పదిమంది చేసే పని ఇద్దరు చేస్తున్నారు. పైగా మా వాళ్ళ యజమాని బ్యాంకు అప్పుని షెడ్డు మీద కాక వేరే వ్యాపారంలో పెట్టాడు.

అంటే దిగుమతి సుంకాలకీ దీనికీ ఏ సంబంధమూ లేదా? అలా అంటే అదీ తొందరపాటే. 1990లో మన దేశంలో సగటు దిగుమతి సుంకం 80 శాతం దాటి ఉండేది. 1990ల చివరికి అది సగం కంటే తక్కువకి వచ్చింది. 1992లో ఉక్కు ధరల మీద ప్రభుత్వ నియంత్రణ కూడా పోయింది. బయటి సరుకుతో పోటీ పడాల్సి వచ్చేసరికి పెద్ద కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడం మొదలు పెట్టాయి. టాటా స్టీల్‌లోనే 1990ల మొదట్లో 70 వేల మందికి పైగా ఉన్న సిబ్బంది 2000ల మధ్యకి దాదాపు సగానికి తగ్గారు. ఉత్పత్తి మాత్రం పెరిగింది. పెద్ద కంపెనీ ఖర్చు తగ్గించుకుంటే సప్లై చేసే చిన్న షెడ్డు మీద ఒత్తిడి పడుతుంది. అలా చూస్తే వాణిజ్యం చెయ్యి ఉంది. కానీ అది అనేక కారణాల్లో ఒకటి, వెనక ఎక్కడో ఉన్నది. మెషిను ఉంది, యజమాని ఉన్నాడు, బ్యాంకు ఉంది. నా కరపత్రంలో ఇవేవీ లేవు.

ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. మా నాన్నగారి ఉద్యోగం కూడా ఆ సంవత్సరాల్లోనే ముందుగా ముగిసింది. కానీ ఆయన స్వచ్ఛందంగా విడిపోయే పథకంలో వెళ్ళారు. ఆ పథకం ప్రకారం ప్రతి నెలా డబ్బు వచ్చేది. మా ఇంట్లో ఒక్క పూట కూడా పొయ్యి ఆరలేదు. నేను కరపత్రాలు రాసుకోగలిగింది ఆ డబ్బు వల్లే. మామయ్యకి అలాంటిదేమీ లేదు. ఒకే ఊరు, ఒకే మార్పు, ఒకే కుటుంబంలో ఇద్దరు మనుషులు. ఒకరికి పేదరికం వచ్చింది, ఒకరికి రాలేదు. తేడా విదేశీ సరుకులో లేదు. మారడానికి పట్టే కాలానికి ఎవరు డబ్బు ఇచ్చారు అన్న దాంట్లో ఉంది.

ఈ మాట నేను అంటే నా కుటుంబం గురించి అయిన ఒక అనుభవమే. అనుభవం ఒక్కటీ నిరూపణ కాదు. అందుకని పెద్ద లెక్కలు చూద్దాం.

స్వేచ్ఛా వాణిజ్యం పేదరికాన్ని పోగొడుతుందని చెప్పే వాళ్ళ దగ్గర బలమైన సాక్ష్యం ఉంది. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ మంది ప్రపంచ బ్యాంకు గీసిన దారిద్ర్య రేఖ కింద ఉండేవారు. 2019 నాటికి వాళ్ళు పదో వంతుకి వచ్చారు. ఇందులో చైనా వాటా చాలా పెద్దది. చైనా అంతగా మారడంలో ఎగుమతులు ఒక ముఖ్య కారణం. కానీ ఇదే చైనా స్వేచ్ఛా వాణిజ్యపు పాఠ్య పుస్తకం ప్రకారం నడవలేదు. ముందు భూముల పంపకం, బడులు, ఆసుపత్రులు వచ్చాయి. తలుపులు కొద్ది కొద్దిగా తెరిచారు. కాబట్టి చైనాని ఉదాహరణగా చూపించి రెండు పక్షాల వాళ్ళూ తమదే గెలుపు అనుకోవచ్చు.

మన దేశం మీద పెటియా తోపలోవా అనే ఆర్థికవేత్త చేసిన పరిశోధన ఒకటి ఉంది. అది 2010లో తుది రూపంలో అచ్చయింది. 1991 తర్వాత సుంకాలు ఎక్కువగా తగ్గిన పరిశ్రమలూ పంటలూ ఏ జిల్లాల్లో ఎక్కువ ఉన్నాయో ఆవిడ చూసింది. దేశం మొత్తం మీద పేదరికం తగ్గుతోంది. కానీ ఆ జిల్లాల్లో, ముఖ్యంగా పల్లెల్లో, ఆ తగ్గడం మిగతా చోట్ల కంటే నెమ్మదిగా జరిగింది. ఎందుకని? సిద్ధాంతం ప్రకారం అయితే ఒక పరిశ్రమ దెబ్బ తింటే కార్మికుడు ఇంకో పరిశ్రమకో, ఇంకో ఊరికో వెళ్ళిపోవాలి. మన వాళ్ళు కదల్లేదు. కదిలే స్తోమత లేదు. 1817లో రికార్డో ప్రతి దేశమూ తనకి అనువైనది చేసి మిగతాది కొనుక్కోవాలని లెక్క కట్టినప్పుడు, ఇంగ్లండులో బట్ట నేసే వాడికీ, పోర్చుగల్‌లో ద్రాక్షసారా చేసే వాడికీ వేరే పని వెంటనే దొరుకుతుందని అనుకున్నాడు. ఆ లెక్క తప్పు కాదు. అందులో మామయ్య లేడు, అంతే.

అయితే సుంకాలు వేసి పరిశ్రమని కాపాడుకోవడం మంచిదా? దీనికి జవాబు వెతకడానికి టాటానగర్ కంటే మంచి చోటు ఇంకోటి లేదు. ఎందుకంటే ఈ ఊరు ఇవాళ ఉండటమే ఒక దిగుమతి సుంకం వల్ల.

1907లో టాటా ఉక్కు కంపెనీ పెట్టారు. 1912లో సాక్చి అనే పల్లె దగ్గర మొదటి ఉక్కు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి రైలు పట్టాలు మెసపొటేమియా దాకా వెళ్ళాయి. 1919లో వైస్రాయ్ వచ్చి సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. యుద్ధం అయిపోయాక కథ తిరగబడింది. యూరప్ నుంచి, ముఖ్యంగా బెల్జియం నుంచి, చవక ఉక్కు వచ్చి పడింది. 1924 నాటికి కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. జీతాలు ఇవ్వడానికి దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తినీ, భార్య మెహర్‌బాయి నగలనీ తాకట్టు పెట్టి ఇంపీరియల్ బ్యాంకులో అప్పు తెచ్చాడు.

అప్పుడు ఏమి జరిగిందో జాగ్రత్తగా చూడండి. ఉక్కు పరిశ్రమని కాపాడాలని ఎవరూ గాలిలో తీర్మానం చేయలేదు. 1922లో ఫిస్కల్ కమిషన్ మూడు పరీక్షలు పెట్టింది. ఆ పరిశ్రమకి ఈ దేశంలో ముడి సరుకు, కూలీలు, మార్కెట్ లాంటి సహజ అనుకూలతలు ఉన్నాయా? రక్షణ లేకపోతే అది పెరగలేదా? కొంత కాలం తర్వాత రక్షణ లేకుండా ప్రపంచ పోటీకి నిలబడగలదా? 1923లో టారిఫ్ బోర్డు ఏర్పడింది. మొట్టమొదట విచారించింది ఉక్కునే. లెక్కలు అడిగింది, ఖర్చులు చూసింది, సాక్షులని ప్రశ్నించింది. 1924లో చట్టం వచ్చింది. అదీ మూడేళ్ళకే. 1927లో మళ్ళీ విచారించి పొడిగించారు. చివరికి 1947లో ఉక్కు మీద ఆ రక్షణ సుంకం తీసేశారు. అప్పటికి టాటా ఉక్కు దిగుమతి ఉక్కుతో పోటీ పడగల స్థితికి వచ్చింది.

ఈ సుంకానికి డబ్బు కట్టింది ఎవరు? దేశంలో రేకు కొన్న ప్రతి వాడూ, నాగలి కర్రు కొన్న ప్రతి రైతూ. పలాస దగ్గర మా ముత్తాత కూడా కట్టి ఉంటాడు. ఆ డబ్బుతో నిలబడ్డ ఫ్యాక్టరీలో ఆయన కొడుక్కి పని దొరికింది. మా కుటుంబం వరకూ లెక్క సరిపోయింది. కర్రు కొని, ఇక్కడికి రాలేక పల్లెలోనే ఉండిపోయిన వాడి కుటుంబానికి సరిపోయిందా? అతని లెక్క ఎవరూ రాయలేదు. ఫ్యాక్టరీ కోసం భూములు పోయిన ఆదివాసీల లెక్క కూడా టారిఫ్ బోర్డు పరీక్షల్లో లేదు. బ్రిటిష్ ఉక్కు మీద తక్కువ సుంకం, మిగతా యూరప్ ఉక్కు మీద ఎక్కువ సుంకం అని 1927లో మార్చినప్పుడు అందులో సామ్రాజ్యపు స్వార్థం కూడా ఉంది. అయినా ప్రశ్న అడిగి, గడువు పెట్టి, తిరిగి పరీక్షించే పద్ధతి మెచ్చుకోవలసిందే. ప్రయోగశాలలో చేసేది కూడా అదే.

స్వాతంత్ర్యం తర్వాత ఆ పద్ధతి పోయి, రక్షణ ఒక్కటే మిగిలింది. గడువులు పోయాయి. పరీక్షలు పోయాయి. దిగుమతి లైసెన్సు దొరికిన వాడికి పోటీ అనేదే లేకుండా పోయింది. పేరు స్వదేశీ, లాభం కొద్దిమందిది. దేశం లోపల కూడా ఒక విచిత్రం జరిగింది. 1950ల నుంచి 1990ల మొదటి దాకా రవాణా ఖర్చు సమానం చేసే విధానం నడిచింది. దాని ప్రకారం ఉక్కు ధర టాటానగర్‌లో ఎంతో మద్రాసులోనూ, బొంబాయిలోనూ అంతే. గని పక్కనే ఉండే అనుకూలత ఈ ప్రాంతానికి పోయింది. ఉక్కు వాడే ఫ్యాక్టరీలు ఓడరేవుల వైపు వెళ్ళాయి. ఖనిజాలు ఉన్న జార్ఖండ్ పేదగానే ఉండిపోవడానికి అదొక్కటే కారణం అనను. కానీ 2019-21 సర్వే ఆధారంగా నీతి ఆయోగ్ వేసిన లెక్కలో కూడా ఈ రాష్ట్రంలో దాదాపు 29 శాతం మంది బహుముఖ పేదరికంలో ఉన్నారు. బీహార్ తర్వాత స్థానం మనదే. దీనికి ఏ విదేశీయుడినీ తిట్టలేం.

ఇప్పటిదాకా చెప్పింది మన వైపు నుంచి చూసినది. అవతల వైపు కూడా ఒక మనిషి ఉంటుందని నాకు తెలిసింది మా పిన్ని వల్ల.

పిన్ని పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పని చేసేది. జీడిపిక్కలని ఉడకబెట్టి, కత్తితో కోసి, పప్పు తీసి, పైపొర వలిచి, సైజుల వారీగా ఏరతారు. కోసేటప్పుడు పెంకు లోపలి నూనె తగిలి వేళ్ళు నల్లబడి తోలు ఊడిపోతుంది. బూడిద రాసుకుని కూర్చుంటారు. 2005లో ఒక పెళ్ళికి ఖరగ్‌పూర్ వెళ్ళి రైలు మారి పలాస వెళ్ళాను. అప్పుడే మొజాంబిక్ జీడిపిక్కల మీద ఒక పరిశోధన గురించి చదివి ఉన్నాను. రాత్రి భోజనాలయ్యాక పిన్నికి అది చెప్పాను.

మొజాంబిక్ ఆఫ్రికాలో ఒక పేద దేశం. ఒకప్పుడు ప్రపంచంలో జీడి ఎక్కువగా పండించిన దేశాల్లో ఒకటి. పిక్కలు బయటికి పోకుండా ఆంక్షలు పెట్టి, అక్కడే పప్పు తీసే ఫ్యాక్టరీలు నడిపేది. 1990లలో ప్రపంచ బ్యాంకు అప్పు ఇస్తూ, ముడి పిక్కల ఎగుమతి మీద పన్ను తగ్గించమంది. అప్పుడు రైతుకి మంచి ధర వస్తుందని వాదించింది. పిక్కలు ఓడల్లో మన దేశానికి వచ్చాయి. అక్కడి ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. సుమారు 10 వేల మంది కార్మికుల్లో చాలామంది పని పోగొట్టుకున్నారు. అందులో ఆడవాళ్ళు ఎక్కువ. రైతు కుటుంబానికి పెరిగిన ఆదాయం సగటున ఏడాదికి 5 డాలర్ల చిల్లర అని మెక్‌మిలన్, రోడ్రిక్, వెల్చ్ అనే పరిశోధకులు లెక్క తేల్చారు. మిగతాది మధ్యలో వర్తకుల దగ్గర ఆగిపోయింది. తర్వాత ఆ దేశం పన్ను మళ్ళీ పెంచింది. చిన్న చిన్న యూనిట్లు కొన్ని తిరిగి లేచాయి.

ఆ పిక్కలు ఎక్కువగా మన కేరళ వైపు వెళ్ళేవి. పలాసలో అప్పట్లో ఉద్దానం తోటల పిక్కలే ఎక్కువ. తర్వాత తర్వాత పలాసకీ ఆఫ్రికా పిక్కలు రావడం మామూలైంది. ఏది ఏమైనా పిన్నికి విషయం వెంటనే అర్థమైంది.

"అయితే ఆ ఆడోళ్ళ పనేనేటి మన దేశానికొచ్చీసింది?" అంది.

"ఒక రకంగా అంతే పిన్నీ."

కాసేపు తన వేళ్ళు చూసుకుంది. "మరి ఆళ్ళిప్పుడు ఏటి సేస్తన్నారు?" అని అడిగింది.

ఈ ప్రశ్న నా కరపత్రంలో లేదు. ప్రపంచ బ్యాంకు కాగితాల్లోనూ ఆ రోజుల్లో సరిగ్గా లేదు. నాలుగో తరగతి చదివిన పిన్ని అడిగింది. నేను తనకి జవాబు చెప్పలేకపోయాను. "ఆ పని తిరిగి వాళ్ళకి ఇచ్చేయమంటే నువ్వు ఇస్తావా?" అని అడిగాను. "నాకు పిల్లల్లేరేటిరా?" అంది. కోపంగా అనలేదు.

తర్వాత చక్రం ఇంకా తిరిగింది. వియత్నాం మెషిన్లు పెట్టి జీడిపప్పు ఎగుమతిలో మనల్ని దాటేసింది. పలాసలోనూ కోతకీ వలుపుకీ మెషిన్లు వచ్చాయి. ఆఫ్రికా పిక్కలు చవకగా వస్తుంటే మా పిక్కలకి ధర రావడం లేదని ఉద్దానం రైతులు గోల పెట్టారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఆ తోటల్నే పడగొట్టింది. దిగుమతి ఆపితే రైతుకి కొంత మేలు, పిక్కలు చాలక కార్ఖానాలో పిన్ని లాంటి వాళ్ళకి నష్టం. దిగుమతి చేస్తే దానికి తలకిందులు. ఇద్దరూ ఒకే మండలంలో ఉంటారు, ఇద్దరూ పేదవాళ్ళే. "పేదల కోసం దిగుమతులు ఆపండి" అని నినాదం ఇచ్చే వాడు ఏ పేద కోసమో చెప్పాలి. "పేదల కోసం తలుపులు తెరవండి" అనే వాడు కూడా చెప్పాలి.

ఇవి పాత సంగతులు అనుకోకండి. 2024లో బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ బ్లాస్ట్ ఫర్నేసులు రెండూ ఆగిపోయాయి. బ్రిటన్ మొత్తం మీద కంపెనీలో దాదాపు 2,800 ఉద్యోగాలు పోతాయని అప్పటి లెక్క. ఒకప్పుడు బ్రిటిష్ ఉక్కు మన ఉక్కుని ముంచుతుందని భయపడ్డ ఊరి కంపెనీ, ఇప్పుడు బ్రిటన్‌లో ఫర్నేసు ఆర్పింది. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం చవక విదేశీ ఉక్కు మీద 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం వేసింది. అదే ఏడాది జూన్‌లో అమెరికా ఉక్కు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆగస్టులో చాలా భారతీయ సరుకుల మీద కూడా 50 శాతం అన్నప్పుడు ఆంధ్రా రొయ్యల చెరువుల దగ్గర ధర పడిపోయింది. ఆ వార్తలు వచ్చిన వారం మా కుర్ర సభ్యుడు ఒకడు వాట్సాప్‌లో "అమెరికా సరుకు బహిష్కరిద్దాం" అని పెట్టాడు. ఇంకొకడు "సుంకాలన్నీ ఎత్తేస్తే పేదరికం పోతుంది" అని జవాబు ఇచ్చాడు. ఇద్దరిలోనూ 2000 నాటి నన్ను నేను చూసుకున్నాను.

దేవుడి మీద నమ్మకం పోయినంత మాత్రాన మనకి హేతుబద్ధంగా ఆలోచించడం వచ్చేసినట్టు కాదు. మంత్రాలు గుళ్ళోనే ఉండవు. ఆర్థిక శాస్త్రంలోనూ ఉంటాయి, విప్లవ సాహిత్యంలోనూ ఉంటాయి. "స్వేచ్ఛా వాణిజ్యం" ఒక మంత్రం, "స్వదేశీ" ఒక మంత్రం. పరీక్షకి నిలబెట్టనంత వరకూ రెండూ సమానమే.

ఆ కరపత్రం ఇవాళ మళ్ళీ రాయమంటే నేను నినాదం రాయను. నాలుగు ప్రశ్నలు రాస్తాను. ఈ సుంకం వేస్తే, లేదా తీసేస్తే, ఎవరి జేబులోంచి ఎంత పోతుంది, ఎవరి జేబులోకి ఎంత వస్తుంది? ఎంత కాలానికి, ఆ గడువు తర్వాత ఎవరు పరీక్షిస్తారు? పని పోయిన వాడు ఇంకో పనికి వెళ్ళే దాకా అతని ఇంట్లో బియ్యం ఎవరు కొంటారు? సముద్రం అవతల పని పోయిన ఆవిడ ఏమి చేస్తోంది? మొదటి రెండూ 1920లలోనే టారిఫ్ బోర్డు అడిగింది. మూడోది మామయ్య నేర్పాడు. నాలుగోది పిన్ని అడిగింది.

ఈ ప్రశ్నలకి జవాబులు ప్రతిసారీ ఒకేలా రావు. ఒకసారి సుంకం సరి అనిపించవచ్చు, ఒకసారి తప్పనిపించవచ్చు. కానీ మూడో ప్రశ్నకి జవాబు లేని ఏ విధానాన్నీ, అది ఏ జెండా కింద వచ్చినా, నేను ఒప్పుకోను. పని పోయిన వాడికి కొంత కాలం చేతిలో డబ్బు, కొత్త పని నేర్పే చోటు, వేరే ఊరు వెళ్తే అక్కడ పనిచేసే రేషన్ కార్డు. ఇవి ఉంటే వాణిజ్యం వల్ల వచ్చే లాభం పేదవాడి దాకా చేరే అవకాశం ఉంది. ఇవి లేకుండా సుంకం పెంచినా తగ్గించినా ఎవరో ఒక మామయ్య మీదే పడుతుంది.

కట్టలో ఒక కాగితం ఉంచుకుని మిగతావి పాత పేపర్ల వాడికి వేసేశాను. ఉంచుకున్న కాగితం వెనక మాస్టారి ప్రశ్న రాసి పెట్టాను. మామయ్య కూతురు ఇప్పుడు బర్మామైన్స్‌లో ఉంటుంది. కొడుకుని పాలిటెక్నిక్‌లో చేర్పించింది. మొన్న ఆ కుర్రాడు వచ్చి, "చదువయ్యాక ఇక్కడే ఉండాలా, వైజాగ్ వెళ్ళాలా?" అని నన్ను అడిగాడు. నాకు తెలియదని చెప్పాను. తెలుసుకుందాం రమ్మని, ఇద్దరం కూర్చుని ఏ ఊళ్ళో ఏ పనికి ఎంతమంది కావాలో వివరాలు సేకరించడం మొదలు పెట్టాం.